సంతకాలు సరే, మందుల చీటీ ఏదీ?

ఆపరేషన్ అనగానే రోగి చేత, ఇంటివాళ్ల చేత పేజీకో సంతకం పెట్టిస్తారు. రోజూ ఏ మాత్రలు మింగుతున్నారన్న ప్రశ్న మాత్రం స్ట్రెచర్ థియేటర్ తలుపు దాటుతుంటే గుర్తొస్తుంది. 'బీపీ మాత్రండీ' అంటాడు రోగి, వణుకుతూ. కేస్ షీట్‌లో టిక్కు పడుతుంది. ఏ మాత్ర, ఎన్నాళ్లుగా అని అడిగే నాథుడుండడు. సంతకానికి ఉన్న ఓపిక ఈ ప్రశ్నకు లేకపోవడమే మా అభ్యంతరం.

మత్తుతోపాటు కండరాలను సడలించే మందు ఇస్తే ఊపిరి కండరాలూ ఆగిపోతాయి. ఆ కాసేపూ యంత్రమే ఊపిరి. ఆ 'కాసేపు' ఎంతన్నది రోగి వాడే మందులను బట్టి కూడా మారుతుంది. ఫిట్స్‌కు ఏళ్లుగా ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవారిలో రోక్యురోనియం, వెక్యురోనియం అనే సడలింపు మందులు త్వరగా దిగిపోతాయి. కడుపు కోసి ఉండగా రోగి కదలవచ్చు. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు దీనికి తలకిందులు, సడలింపును సాగదీస్తాయి. గుర్రపువాతం రాకుండా గర్భిణికి ఎక్కించే మెగ్నీషియం సల్ఫేట్‌దీ అదే తీరు. కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బుకు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర, సక్సినైల్‌కోలిన్ అనే మరో సడలింపు మందును విరిచే ఎంజైమ్‌నే అణచిపెడుతుంది. నిమిషాల్లో తేలాల్సిన రోగి ఎంతకీ తేలడు.

ఇవేవీ నిన్న మొన్న బయటపడ్డవి కావు. జెంటామైసిన్ కోవకే చెందిన నియోమైసిన్ వల్ల ఊపిరి ఆగిన ఉదంతం 1956లోనే వైద్య పత్రికకెక్కింది.

అత్యవసర కేసుల్లో అడిగే వ్యవధి ఉండదని, అనుభవమున్న మత్తు డాక్టరు డోసు సర్దుకోగలరని వాదించేవారున్నారు. అత్యవసరానికైతే ఒప్పుకుంటాం. వారం ముందే తేదీ ఖాయమైన హెర్నియాకు ఏం ముంచుకొచ్చింది? సంతకాలకు దొరికిన వ్యవధి మందుల పేర్లకు దొరకలేదా? పోనీ, సర్దుకోవడమైనా కొలిచి చేస్తున్నారా? సడలింపు ఎంత దిగిందో యంత్రంతో కొలవాలని, ఊపిరి ట్యూబు తీసేసరికి ఆ కొలత (వరసగా నాలుగుసార్లు నరాన్ని కరెంటుతో తట్టినప్పుడు కండరం మొదటి కదలికతో నాలుగో కదలిక నిష్పత్తి) 0.9కి చేరాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో మార్గదర్శకమే ఇచ్చింది. తల ఎత్తమని, చెయ్యి పిసకమని చూసి పంపేసే అలవాటు ఇంకా పోలేదు.

రోగులు మాత్రలు మానేసి రావాలని మేం అనడం లేదు. ఫిట్స్ మందు చెప్పాపెట్టకుండా ఆపితే అదో ప్రమాదం. చెప్పాలి, అంతే. చెప్పించుకోవలసింది ఆసుపత్రి. ఆపరేషన్ తర్వాతా చెప్పవలసినవి ఉన్నాయి: సడలింపును విరవడానికి సుగమాడెక్స్ ఇస్తే గర్భనిరోధక మాత్ర పనితనం తగ్గుతుంది, 7 రోజులు వేరే జాగ్రత్త కావాలి. ఈ ముక్క ఇంటికి వెళ్లే ఎంతమంది ఆడవాళ్ల చెవిన వేస్తున్నారు? డిశ్చార్జి కాగితం మీద మాత్రం మళ్లీ సంతకం పెట్టించుకుంటారు!

అయ్యా, ఆ సంతకాల కాగితం వెనకవైపు ఖాళీగానే ఉంటుంది. మందుల పేర్లు అక్కడైనా రాసుకోండి.