మా మేడ మీది తారు షీటు గారికి ఒక తడి ఉత్తరం

మహారాజశ్రీ ఏపీపీ తారు షీటు గారి సముఖానికి,

తమ కిందనే కాపురం ఉంటున్న ఐదో అంతస్తు నివాసి నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మా పడకగదిలో రెండు బకెట్లు, ఒక ఇడ్లీ గిన్నె, అటక మీంచి దించిన మా అమ్మమ్మ ఇత్తడి గంగాళం క్షేమం. తమరు అక్కడ ఎండకు ఉబ్బి, వానకు నాని, పావురాలకు స్నానఘట్టమై సుఖంగా ఉన్నారని తలుస్తాను.

వానకు మేడ కారకుండా తమరిని తెచ్చుకున్న రోజు గుర్తుందా? మూడేళ్ళ కిందట మా అపార్టుమెంటు సంఘం తమరిని ఎంచుకోవడానికి రెండు గంటలు కూర్చుంది. అందులో గంటన్నర కింది అంతస్తు పెద్దమనిషికే సరిపోయింది. "మా నెత్తిన నాలుగు అంతస్తులున్నాయండీ. వాన మా దాకా రావాలంటే ముందు మీ అందరినీ ముంచాలి. నేనెందుకు ఇవ్వాలి చందా?" అన్నారాయన. ఆయనకు సర్దిచెప్పాక మిగిలిన అరగంటలో పెళ్ళిచూపులు జరిగాయి.

మొదటి సంబంధం డబ్బాలో వచ్చే తారు పూత. చవక, కానీ సన్నం. రెండోది పాతకాలపు ఫెల్టు, అంటే తారు పట్టించిన నారపట్ట: పొయ్యి మీద తారు కాచి, ఒక పొర తారు, ఒక పొర ఫెల్టు చొప్పున పరవాలి. వీధంతా పొగ అని వద్దన్నాం. మూడో సంబంధం తమరు. గ్యాసు మంటతో అతికే చుట్ట, మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు. తమ పేరు వినగానే ఏపీపీ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకమేమో అనుకున్నాను. అటాక్టిక్ పాలీప్రొపిలీన్ అట. తారులో ఆ ప్లాస్టిక్కు కలిపితే ఎండకు మెత్తబడి జారదు. షికాగోలో ఉండే మా మేనల్లుడు ఫోనులో, "మామయ్యా, ఇక్కడ ఎస్‌బీఎస్ కలిపిన తారు షీటు వాడతారు, రబ్బరులా సాగుతుంది" అన్నాడు. మంచు కురిసే ఊళ్ళో చలికి పగలకుండా సాగడమే ముఖ్యం, నిజమే. మా హైదరాబాదు మేడకు మే నెలలో గడ్డకట్టే ప్రమాదం లేదు కనుక తమరే ఖాయమయ్యారు.

మందం నాలుగు మిల్లీమీటర్లా, మూడా అన్న చర్చ ఐదు నిమిషాల్లో తేలింది. మూడు చాలన్నారు. మిగిలిన డబ్బుతో గేటుకు రంగు వేయించాం. గేటు నేటికీ కారడం లేదు.

రెండో అంతస్తులోని విశ్రాంత ఇంజనీరు గారు మాత్రం ఒక మాట అడిగారు. "షీటు సంగతి సరే, మేడకు వాలు ఉందా? కనీసం నూటికి ఒకటి ఉండాలి. పది మీటర్లకు పది సెంటీమీటర్లు." ఆ మాటకు అందరూ గౌరవంగా తల ఊపి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

తమ గృహప్రవేశం రోజు నేను మేడ మీదే ఉన్నాను. ముందురోజు వాన పడింది, స్లాబు ఇంకా చెమ్మగానే ఉంది. అయినా ప్రైమరు పూసేశారు. పల్లం నుంచి మొదలుపెట్టి, పెంకులు నేసినట్టు ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కుతూ పోవాలి. వాళ్ళు మెట్ల గది నుంచి మొదలుపెట్టారు, చుట్టలు అక్కడే దించారు కనుక. అతుకును మంటతో సరిగా కాలిస్తే అంచు వెంబడి కరిగిన తారు సన్నని నల్లపూసల వరుసలా బయటికి వస్తుంది. మధ్యాహ్నం దాకా వచ్చింది. నాలుగింటికి సిలిండరు అయిపోయింది. మిగతా అతుకులను మేస్త్రీ మడమతో తొక్కాడు. పిట్టగోడ మీదికి జానెడు ఎక్కించి, అంచును గాడిలో దూర్చి మూయాల్సింది పోయి, నాలుగు వేళ్ళ ఎత్తులో ఆపేశాడు. "మరి ఇది?" అంటే, "నీళ్ళు గోడ ఎక్కుతాయా సార్?" అన్నాడు.

మరుసటి వేసవికల్లా తమరు అక్కడక్కడ బూరెల్లా పొంగారు. కింద ఇరుక్కున్న చెమ్మ ఎండకు ఆవిరై తమరిని లేపింది. ఎదురింటి పిల్లలు వాటిని ఒక్కొక్కటే తొక్కి చప్పుడు విని సంతోషించారు. ఆపైన డిష్ యాంటెనా వాడు నాలుగు బోల్టులు దించాడు, సత్యనారాయణ వ్రతానికి షామియానా వాళ్ళు గుంజలు పాతారు. ఎండల్లో తమ నల్లదనం వల్ల మా ఫ్యాను వడగాలినే తిప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, మేడలు తెల్లగా ఉండాలంటోంది. మేము మాత్రం నల్లటి దుప్పటి కప్పుకుని ఉక్కపోత గురించి ఫిర్యాదు చేస్తున్నాం.

తమ పదేళ్ళ హామీపత్రం బీరువాలో భద్రంగా ఉంది. మొన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మేడ మీద మేకు కొడితే హామీ చెల్లదు. సామాను పెడితే చెల్లదు. చివరి వరుస మరీ చిన్న అక్షరాల్లో ఉంది: నీరు నిలిచే చోట చెల్లదు. అంటే నీళ్ళ బారి నుంచి కాపాడే తమరికి నీళ్ళు తగలకూడదు!

తమ వంశం సామాన్యమైనది కాదు. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మొహెంజొదారో మహాస్నానవాటికలో ఇటుకల వెనుక తమ పూర్వీకులే తారు పూతగా నిలబడి, తొట్టిలోని నీటిని బయటికి పోనివ్వలేదు. తమరు బయటి నీటిని లోపలికి రానిస్తున్నారు. ఆ తొట్టి నేలకు మురుగుకాలువ వైపు వాలు కూడా పెట్టారట. అక్కడ సంఘం సమావేశాలు లేవు కాబోలు.

మొన్న వాన వెలిసాక ఇంజనీరు గారు మనవడి గోళీ ఒకటి తీసుకుని మేడ మీదికి వచ్చారు. వాననీరు కిందికి పోవాల్సిన గొట్టం మూతికి రెండడుగుల దూరంలో దాన్ని వదిలారు. అది కాసేపు ఆలోచించి, గొట్టానికి వీపు తిప్పి, మెల్లగా దొర్లుతూ మేడ నడుమనున్న మడుగులో టపుక్కున పడింది. ఒక పావురం లేచిపోయింది. ఆయన ఏమీ అనలేదు. గోళీ తీసి, పంచెకు తుడిచి, నా చేతిలో పెట్టి దిగి వెళ్ళిపోయారు.

ఆదివారం మళ్ళీ సమావేశం. కొత్త షీటుకు మూడు ధరలు తెప్పించారు, ఈసారి నాలుగు మిల్లీమీటర్లదట. వాలు ఖర్చు మూడింటిలోనూ లేదు. కింది అంతస్తు పెద్దమనిషి ఈసారి కూడా చందా ఇవ్వనని ముందే కబురు పెట్టారు. గోళీ నా జేబులోనే ఉంది.

ఇట్లు,
తమ నీడలో తడుస్తున్న
ఐదో అంతస్తు వాడు

తా.క.: గంగాళం నిండింది. పారబోసి వచ్చి మిగతాది రాస్తాను.