మహారాజశ్రీ తువ్వాలు గారి సముఖమునకు

విజయనగరం బస్టాండులో పాలకొండ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి లోపలికి దూరి, ఖాళీ సీటు మీద పడి, వెనుక నింపాదిగా వచ్చే యజమాని కోసం నిశ్చింతగా పవళించే మహారాజశ్రీ తువ్వాలు గారికి, తమరి దయవల్ల రాజాం వరకు నిలబడి ప్రయాణించడం అలవాటైన ఒక ప్రయాణికుడు నమస్కరించి వ్రాసుకొనునది. ఉభయకుశలోపరి.

మనిషి సహజాతం (ఎవరూ నేర్పకుండా పుట్టుకతో వచ్చే ప్రేరణ) ఏమిటి, అతని ప్రవర్తన ఎక్కడ పుడుతుంది, నాగరికత ఎందుకు ఏర్పడింది అనే ప్రశ్నల మీద పడమటి దేశాల మేధావులు శతాబ్దాలుగా గ్రంథాలు వ్రాస్తూనే ఉన్నారు. వారిలో ఏ ఒక్కరికీ తమరి దర్శనభాగ్యం కలగలేదు. కలిగి ఉంటే బోలెడంత కాగితం మిగిలేది.

ఇంగ్లండు అంతర్యుద్ధంలో తగలబడుతున్న కాలంలో పారిస్‌లో తలదాచుకున్న ఇంగ్లీషు తత్త్వవేత్త థామస్ హాబ్స్ 1651లో 'లెవయతన్' అనే గ్రంథం ప్రచురించాడు. అందరినీ అదుపులో పెట్టే అధికారం లేనిచోట ప్రతివాడూ ప్రతివాడికీ శత్రువేననీ, అక్కడ నాది నీది అనే తేడాయే ఉండదనీ, కత్తి అండలేని ఒప్పందాలు వట్టి మాటలనీ ఆయన తేల్చిచెప్పాడు. ఆయనను ఒక్కసారి ఈ బస్సు ఎక్కించాలని నా కోరిక. డ్రైవరు టీ తాగుతున్నాడు, కండక్టరు ఇంకా రాలేదు, గుంపులో ఉన్న ఒక్క పోలీసు కూడా సీటు కోసమే వెతుక్కుంటున్నాడు. అంటే హాబ్స్ వర్ణించిన అరాచకమంతా సిద్ధంగా ఉంది. అయినా అంచు చిరిగి, చెమట వాసన కొట్టే ఆ గుడ్డముక్కను తీసి పక్కన పడేసే సాహసం ఎవరూ చేయరు. చిత్రమేమిటంటే, అదే బస్సులో 'స్త్రీలకు' అని రంగుతో వ్రాయించిన సీట్లలో మీసాలవారు హాయిగా కునుకు తీస్తుంటారు. వెనుక సర్కారు ఉన్న అక్షరాలకు దక్కని మర్యాద, వెనుక ఎవరూ లేని తమరికి దక్కుతోంది.

తత్త్వవేత్త రూసో నాకు కొంత ఆప్తుడు. నేలకు కంచె వేసి 'ఇది నాది' అని, ఆ మాట నమ్మేటంత అమాయకులను సంపాదించుకోగలిగిన మొదటివాడే పౌర సమాజానికి అసలు స్థాపకుడని ఆయన 1755లో వ్రాశాడు. మిగిలిన మేధావులు ఆక్రమించినవాడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే, నమ్మి ఊరుకున్నవాడిని కూడా లెక్కలోకి తీసుకున్న మనిషి ఆయన. కాకపోతే ఆ కంచె వేసినవాడు కనీసం అక్కడ నిలబడి ఉన్నాడు; తమరి యజమాని ఆ సమయానికి బజ్జీల బండి దగ్గర చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ తరువాత సహజాతాల జాబితాల కాలం వచ్చింది. 1890లో విలియం జేమ్స్, 1908లో మెక్‌డూగల్ అనే మనస్తత్వవేత్తలు ఏ పనికి ఏ సహజాతం కారణమో వరుసగా చెప్పుకొచ్చారు. వాటిలో వస్తువులు కూడబెట్టే సహజాతం కూడా ఉంది కనుక తమరి పని తేలికగా తీరిపోయింది. సీటు ఎందుకు పట్టాడయ్యా అంటే పట్టే సహజాతం ఉంది గనుక. ఉందని ఎలా తెలిసిందయ్యా అంటే సీటు పట్టాడు గనుక. 1924లో బెర్నార్డ్ అనే ఆయన నాటి పుస్తకాలన్నీ తిరగేసి ఇటువంటి సహజాతాలను వేల సంఖ్యలో ఏరి చూపించాక గానీ ఆ ఉత్సాహం చల్లారలేదు.

మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ దీనికి పూర్తిగా అడ్డం తిరిగి, పుట్టుకతో వచ్చేది దాదాపు ఏమీ లేదనీ, సమస్తమూ అలవాటేననీ ప్రకటించాడు. తెల్ల ఎలుకను ముట్టుకోబోయిన పసివాడి వెనుక ఇనుప కడ్డీని సుత్తితో మోగించి, మోగించి, చివరకు ఎలుకను చూస్తేనే ఏడ్చేటట్టు చేసిన ఆయన ప్రయోగం 1920లో అచ్చయింది. ఆ లెక్కన మా జిల్లాలో ప్రతివాడూ చిన్నప్పుడు ఏదో ఒక తువ్వాలు మీద కూర్చోబోయి, "ఏటండీ, గుడ్డ కనపడనేదేటి?" అనే కేక విని ఉండాలి. వాట్సన్ విశ్వవిద్యాలయం విడిచి వ్యాపార ప్రకటనల కంపెనీలో చేరడం ఎంతైనా సబబే.

శత్రువు మీదికి ఈటెకు బదులు తిట్టు విసిరిన మొదటివాడే నాగరికతకు మూలపురుషుడనే ఒక ఇంగ్లీషు రచయిత చమత్కారాన్ని మనోవిశ్లేషణ స్థాపకుడు ఫ్రాయిడ్ 1893లో ఉదహరించాడు. తిట్టు కూడా లేకుండా తమరిని విసిరినవాడు ఆ మూలపురుషుడికి తాత కావాలి. మనిషి భద్రత కోసం తన సంతోషంలో కొంత వదులుకున్నాడని అదే ఫ్రాయిడ్ 1930లో వ్రాశాడు. రాడ్డు పట్టుకొని వేలాడుతున్నవాడికి వదులుకున్నదేమిటో బాగానే తెలుసు. పొందిన భద్రత ఏమిటో మాత్రం, మోచేతులు డొక్కలో గుచ్చుకుంటుండగా, అంత స్పష్టంగా కనిపించదు.

తమరి మర్మాన్ని అందరికంటే దగ్గరగా పట్టుకున్నది మనుషుల శాస్త్రవేత్త కాదు, సీతాకోకచిలుకలను గమనించిన నిక్ డేవిస్. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని వైథమ్ అడవిలో, చెట్ల సందుల్లోంచి నేల మీద పడే ఎండ మరకలను మగ సీతాకోకచిలుకలు ఆక్రమించుకుంటాయని ఆయన 1978లో వివరించాడు. ముందు వచ్చినదే యజమాని. మరొకటి వస్తే రెండూ కాసేపు గిరికీలు కొడతాయి, తరువాత వచ్చినదే వెళ్లిపోతుంది. యజమానిని పట్టి దాచి, కొత్తది కుదురుకున్నాక వదిలితే, ఈసారి ఓడిపోయేది పాత యజమానే. రెండూ తామే యజమానులమనుకునేటట్టు చేసినప్పుడు మాత్రం గిరికీలు చాలాసేపు సాగాయి. ముందు కిటికీలోంచి ఒక తువ్వాలు, వెనుక కిటికీలోంచి మరొక తువ్వాలు ఒకే సీటు మీద పడినప్పుడు గరివిడి దాటేవరకు సాగే తగాదా సరిగ్గా ఇదే. ఎండలో కూర్చున్నదానికి ఒళ్లు వేడెక్కి బలం హెచ్చుతుందనీ, గెలుపు రహస్యం అదేననీ తరువాతి పరిశోధకులు వాదించారు. తమరి విషయంలో ఆ అభ్యంతరం నిలవదు. ఎంత ఎండలో పడుకున్నా తమరికి బలం రాదు.

అయితే సీతాకోకచిలుక తన ఎండలో తానే కూర్చుంటుంది గానీ, రెక్క ఒకటి అక్కడ వదిలి బజ్జీలు తినడానికి పోదు. అందువల్ల నేను తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ దగ్గరకు వెనక్కి వెళ్లవలసి వచ్చింది. ఒకే పడవలో తెడ్లు వేసే ఇద్దరు ఒకరికొకరు మాట ఇచ్చుకోకుండానే కలిసి లాగుతారనీ, ఆస్తి మర్యాద కూడా అటువంటి చెప్పుకోని ఏర్పాటేననీ ఆయన 1740లో అన్నాడు. నేను ఈ రోజు తమరిని ముట్టుకోకపోవడం, రేపు నా తువ్వాలును ఎవరూ ముట్టుకోరన్న ఆశతోనే. కానీ విసిరేందుకు తువ్వాలూ, తోసుకుపోయేందుకు సత్తువా లేని సంచి పట్టుకున్న ముసలమ్మ ఈ ఏర్పాటులో ఎక్కడుందో హ్యూమ్ చెప్పలేదు. 'యోగ్యతముల మనుగడ' (తగినవాడే నిలుస్తాడు) అనే మాటను 1864లో లోకానికిచ్చిన తత్త్వవేత్త స్పెన్సర్‌ను అడగడానికి నాకే మనస్కరించలేదు. ఒకప్పుడు మన పల్లెల్లో దొర ఎదురైతే కొందరు తమరిని భుజం మీదినుంచి తీసి నడుముకు చుట్టుకోవలసి వచ్చేది, అదీ పుట్టుకతో వచ్చిన స్వభావమేనని పెద్దలు చెప్పేవారు. ఆ స్వభావం ఏమైపోయిందో గానీ, ఈ రోజు సీటు మీద పడిన తమరిని చూసి ఎవరి భుజానిదని ఎవరూ అడగరు. సహజాతం అనే మాట వినగానే నాకు అనుమానం రావడానికి కారణం ఇదే.

ఇక మనవి ఒక్కటే. బస్సు కదిలిపోయి, తమరి యజమాని బజ్జీల బండి దగ్గరే మిగిలిపోయిన పక్షంలో, తమరిని మర్యాదగా మడిచి పక్కన పెట్టి కూర్చోవడానికి ఏ ఊరు దాటవలసి ఉంటుందో పై గ్రంథకర్తలెవ్వరూ నిర్ణయించలేదు. తమరే సెలవిప్పించగలరు. గరివిడి అంటే సంతోషిస్తాను. చీపురుపల్లి అన్నా సర్దుకుంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
రాడ్డు పట్టుకొని నిలబడినవాడు