మహారాజశ్రీ 'అప్పటికప్పుడు చూసుకుందాంలే' గారికి

మహారాజశ్రీ 'అప్పటికప్పుడు చూసుకుందాంలే' గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. నాటకం ఎక్కడ మొదలైతే అక్కడ తమరికి ముందే పీట వేసి ఉంటుంది. రిహార్సల్ గదిలో ఎవరేం అడిగినా మొదట పలికేది తమరే.

"రెండో రంగానికి ముందు సోఫా ఎవరు తీస్తారు?"

"అప్పటికప్పుడు చూసుకుందాంలే."

"ఉత్తరం తెచ్చే మనిషి ఎటువైపు నుంచి వస్తాడు?"

"అప్పటికప్పుడు చూసుకుందాంలే."

"అసలు ఉత్తరం ఉందా?"

ఈ మూడోదానికి తమరు కూడా పలకరు. అందరూ జేబులు తడుముకుంటారు.

నేనీ మధ్య స్టేజ్ మేనేజ్‌మెంట్, అంటే తెరవెనక నుంచి ప్రదర్శన నడిపించే విద్య, నేర్చుకుంటున్నాను. నటించేది లేదు, దర్శకత్వం లేదు, చివర్లో వేదిక మీదికొచ్చి వంగి దండం పెట్టేదీ లేదు. ప్రదర్శన బాగా జరిగితే ఎవరికీ గుర్తురాని, ఎక్కడైనా తేడా కొడితే అందరికీ ఒక్కసారే గుర్తొచ్చే పని. పాఠాలు కాస్త ముందుకు సాగాక నాకు అర్థమైందేమిటంటే, ఈ విద్య మొత్తం తమరి పొట్ట కొట్టడానికే పుట్టింది. ఆ సంగతి తమరికి ముందుగా తెలియజేయడం మర్యాద అనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ముందుగా తెలియజేయడం తమరి ఇంటావంటా లేదని తెలుసు, అయినా సరే.

మొదట మా చేతిలో పెట్టేది ఒక లావుపాటి ఫైలు. ప్రాంప్ట్ బుక్ అంటారు. ఒకవైపు స్క్రిప్టు పేజీ, ఎదురుగా ఖాళీ కాగితం. ఎవరు ఏ మాట దగ్గర లేచారు, ఎటు నడిచారు, లైటు ఎక్కడ మారాలి, ఫోను ఎక్కడ మోగాలి, తలుపు చప్పుడు ఎక్కడ వినపడాలి, అన్నీ అందులోకి ఎక్కాలి. పెన్సిల్‌తోనే రాయాలి. ఎందుకంటే దర్శకులవారు నిన్న "కిటికీ దగ్గరికి వెళ్లు" అన్నది ఇవాళ "అసలు కిటికీ దగ్గరికి ఎందుకెళ్లావ్?" అవుతుంది. అలాంటప్పుడు రబ్బరు చేసే మేలు ఇంతా అంతా కాదు.

ఆ ఫైలుకి ఒకే ఒక్క పరీక్ష. రేపు నాకు జ్వరమొస్తే, ఈ నాటకం ఒక్కసారి కూడా చూడని మరో స్టేజ్ మేనేజర్ దాన్ని తెరిచి ప్రదర్శన నడిపించగలగాలి. తమరి పద్ధతిలో ఫైళ్ల గోల ఉండదు. సమాచారమంతా ఒకే ఒక్క మనిషి బుర్రలో భద్రంగా ఉంటుంది. ఆ మనిషి సరిగ్గా ప్రదర్శన సాయంత్రమే ఫోను ఎత్తడు.

కుడి ఎడమల విషయంలో తమరి ప్రతిభ మరీ గొప్పది. దర్శకుడు ప్రేక్షకుల కుర్చీలో కూర్చుని "కుడివైపు జరుగు" అంటాడు. నటుడు తన కుడివైపు జరుగుతాడు. "ఆ కుడి కాదయ్యా!" అని ఒక అరుపు. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడి కుడే స్టేజ్ రైట్, ఎడమే స్టేజ్ లెఫ్ట్. చూసేవాడి చేతులతో దానికి సంబంధం లేదు. ప్రేక్షకులకు దగ్గరి భాగం డౌన్‌స్టేజ్, దూరపు భాగం అప్‌స్టేజ్. ఒకప్పుడు వేదికల్ని వెనక్కి వెళ్లేకొద్దీ ఎత్తుగా, వాలుగా కట్టేవారు కాబట్టి ఆ పేర్లొచ్చాయి. ఈ నాలుగు మాటలు వస్తే నటుడి నడక మొత్తం అర లైనులో రాసేయొచ్చు. తమరి భాషలో అదే "కాస్త అటు... కొంచెం ఇటు... ఆఁ ఆఁ, అక్కడే!" అవుతుంది. అది ఏ కాగితం మీదికీ ఎక్కదు.

ఇక టేపు. సెట్ ఇంకా తయారు కాకముందే రిహార్సల్ గది నేల మీద గోడలు, మెట్లు, తలుపులు అన్నీ అసలు కొలతల్లో రంగు టేపుతో గీసేస్తాం. రంగానికో రంగు. సోఫా కాళ్లు ఎక్కడుండాలో చిన్న ముక్కలు అంటిస్తాం, వాటిని స్పైక్ మార్క్స్ అంటారు. లేకపోతే నటి అలవాటు కొద్దీ వెనక్కి చూడకుండా కూర్చున్నప్పుడు సోఫా జానెడు దూరంలో ఉంటుంది. మెట్ల అంచులకి, అరుగుల చివర్లకి చీకట్లో మెరిసే టేపు. "అవసరం లేదు, అందరికీ అలవాటైపోతుందిలే" అని తమరు సెలవిచ్చారు. నిజమే, అలవాటవుతుంది. ముందు మోకాలికి, తర్వాత కట్టు కట్టేవాళ్లకి.

ప్రాపర్టీస్ బల్ల, అంటే నటులు వేదిక మీద వాడే వస్తువుల బల్ల గురించి ఎక్కువ చెప్పను. బల్ల మీద కాగితం పరిచి గళ్లు గీసి, గడికొక వస్తువు పేరు రాస్తాం. కళ్లజోడు గడిలో కళ్లజోడు, తాళాల గుత్తి గడిలో తాళాల గుత్తి. తెర లేచేముందు ఒక్క చూపు చూస్తే ఖాళీ గడే నిజం చెప్పేస్తుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నటీనటులు వస్తువుని వాడాక మళ్లీ అదే గడిలో పెట్టాలి. ఇంత సులువైన సంగతి ఇంతమంది పెద్దవాళ్లకి ఎందుకు కష్టమో నాకు అంతుపట్టలేదు. కత్తులు, తుపాకులు మాత్రం బల్ల మీద ఉండవు. అవి తాళంలో, ఒక్క మనిషి బాధ్యతలో ఉంటాయి.

అసలు తమరికీ మాకూ పగ రాజుకునేది క్యూల దగ్గర, అంటే లైటు, శబ్దం ఎప్పుడు మారాలో చెప్పే సూచనల దగ్గర. తమరి సంప్రదాయం నాకు కంఠతా వచ్చు. "నేను వింగ్‌లోంచి చెయ్యి ఊపుతాను, చూసి లైటు తీసెయ్." ఊపేవాడు వింగ్‌లో, అంటే వేదిక పక్క చాటున, చీకట్లో ఉంటాడు. చూడాల్సినవాడు హాలు చివర ఉంటాడు. మధ్యలో దోమ వాలితే ఎవరో విసురుగా చెయ్యి ఊపుతారు, పెళ్లిచూపుల రంగంలో అమావాస్య వస్తుంది.

మాకు నేర్పేది వేరు. హెడ్‌సెట్‌లో, సుమారు అర పేజీ ముందే, "లైట్స్ 24, సౌండ్ జి, స్టాండ్‌బై" అంటాం. లైట్ల ఆపరేటరు, సౌండ్ ఆపరేటరు ఎవరికి వారు "స్టాండింగ్ బై" అని జవాబివ్వాలి. జవాబు రాకపోతే క్యూ సిద్ధంగా లేనట్టే. లైట్లకి అంకెలు, సౌండ్‌కి అక్షరాలు పెట్టడం చాలాచోట్ల ఉన్న పద్ధతి, ఒకరిది ఒకరు నొక్కకుండా. ఆ తర్వాత సరైన మాట దగ్గర "లైట్స్ 24, సౌండ్ జి, గో." ఆ గో చివరే రావాలి, ఎందుకంటే అది వినగానే వేలు కదులుతుంది. ముందు గో చెప్పి తర్వాత అంకె చెబితే అంకె వినేలోపు వేలు పని కానిచ్చేస్తుంది. అందుకే ప్రదర్శన నడుస్తున్నప్పుడు హెడ్‌సెట్‌లో ఆ మాట వేరే అర్థంలో అనకూడదు. ఎవరైనా ఉత్సాహం ఆపుకోలేక "లెట్స్ గో" అన్నారంటే పట్టపగటి రంగం కాస్తా అర్ధరాత్రి అవుతుంది.

ఇంకో కిటుకు ఉంది. లైటు ఏ మాట మీద మారాలో ఆ మాట మీద గో అంటే ఆలస్యమైపోయినట్టే. నా నోరు, వాళ్ల చెవి, వేలు, ఆ పైన లైటు మారడానికి పట్టే సమయం, ఇవన్నీ కలుపుకుని కాస్త ముందే అనాలి. ఎంత ముందు? అది నటుడి ఊపిరిని బట్టి ఉంటుంది. నటుడు ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో రిహార్సల్స్‌లో గమనించి పెట్టుకోవాలి. ఈ విద్యలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బయటినుంచి చూస్తే గుమస్తా పనిలా ఉంటుంది, దగ్గరికెళ్తే పాటకి తాళం వేసే పని.

టైము సంగతి తమరితో మాట్లాడటం దండగే, కానీ ఒక్క వింత చెబుతాను. బ్రిటన్ థియేటర్లలో 'అరగంట ఉంది' అనే పిలుపు తెర లేవడానికి 35 నిమిషాల ముందు వస్తుంది. పావుగంట పిలుపు 20 నిమిషాల ముందు, ఐదు నిమిషాల పిలుపు 10 నిమిషాల ముందు. లెక్క తప్పలేదు. మొదట వేదిక మీద ఉండాల్సినవాళ్లు తెర లేచే 5 నిమిషాల ముందే తమ చోట్లకి చేరాలి కాబట్టి, అన్నీ అక్కడినుంచి వెనక్కి లెక్కపెడతారు. పిలుపు విన్నవాళ్లు తిరిగి చెప్పాలి: "థాంక్యూ, ఫైవ్." మేకప్ గదిలోంచి వచ్చే "ఆఁ ఆఁ వచ్చేస్తున్నా" చెల్లదు. అది తమరు ప్రవేశపెట్టిన జవాబు.

"ఇది కళండీ, రిజిస్టరాఫీసు కాదు" అని తమరి అభిమానులు అంటుంటారు. నేను గమనించినంతవరకు ఆ మాట గట్టిగా అనేవాళ్లెవరూ బ్లాకవుట్‌లో, లైట్లన్నీ ఆరిన చీకట్లో, సోఫా మోసినవాళ్లు కారు.

కాసేపు నవ్వు పక్కన పెడతాను. 1903 డిసెంబర్ 30న చికాగోలోని ఇరాక్వాయ్ థియేటర్‌లో మధ్యాహ్నం ఆట నడుస్తోంది. 'ఇందులో నిప్పు అంటుకోదు' అని ప్రకటించుకున్న భవనం. తెరిచి ఆరు వారాలు కూడా కాలేదు. ఒక ఆర్క్ లైటు నుంచి పైనున్న తెరకి నిప్పంటుకుంది. మంటల్ని వేదిక మీదే ఆపాల్సిన రక్షణ తెర దిగుతూ దిగుతూ మధ్యలో ఇరుక్కుపోయింది. బయటికి పోయే దారులు కొన్ని తాళాలు వేసి ఉన్నాయి, కొన్ని పరదాల చాటున కనిపించలేదు. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. అంతకు ముందే 1887లో ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ నగరపు థియేటర్ కాలిపోయి నూట ఎనభై మందికి పైగా పోయారు. రక్షణ తెర ఇరుక్కుంటే ఏం చెయ్యాలి, తాళం ఎవరి దగ్గరుంది, ఈ ప్రశ్నలన్నీ చికాగోలో ఆ పూట అప్పటికప్పుడే చూసుకోవాల్సి వచ్చింది.

బయటికి తెరుచుకునే తలుపులు, తోస్తే చాలు తలుపు తెరుచుకునే కడ్డీలు, రక్షణ తెర నియమాలు ఇలాంటి చావుల తర్వాతే గట్టిపడ్డాయి. బ్రిటన్‌లో ఆ తెరని ప్రదర్శన పూట ప్రేక్షకుల కళ్లెదుటే ఒకసారి దించి చూపించే ఆనవాయితీ కూడా ఉంది. అందుకే ప్రేక్షకులు రాకముందు నేను చేసే పనుల్లో ప్రతి తలుపూ తోసి చూడటం ఒకటి. ఆ తలుపుకి అడ్డంగా ఖాళీ పెట్టెలు పెట్టి "ఇప్పుడే తీసేస్తాంలే" అనేది తమరి దూరపు చుట్టమే.

అందరూ వెళ్లిపోయాక వేదిక మధ్యలో ఒక్క బల్బు వెలిగించి ఉంచుతారు, ఘోస్ట్ లైట్. దెయ్యాల కోసమని కథలు చెబుతారు. మర్నాడు పొద్దున్న చీకట్లో ఎవరూ వేదిక అంచు దాటి పడి కొత్త దెయ్యం కాకూడదన్నది అసలు సంగతి.

టెక్నికల్ రిహార్సల్ గురించి రాయబోతే ఈ లేఖ తెల్లారదు. నటులు మంచి ఊపులో ఏడుస్తుండగా "ఆపండి, ఆ మాట మళ్లీ" అంటూ క్యూ నుంచి క్యూకి గెంతే రోజు అది. ఆ రోజు నన్ను ఎవరూ ప్రేమించరు. ఫర్వాలేదు.

తమరికి న్యాయం చేయకుండా ముగించను. ఒక రోజు నటుడు మైమరచి నాలుగు పేజీలు దాటేస్తాడు. మధ్యలో మోగాల్సిన ఫోను ఇప్పుడు మోగాలా? మోగకపోతే, ఆ ఫోను విని రావాల్సిన చెల్లెలు ఎలా వస్తుంది? మూడు సెకన్లలో తేల్చాలి. ఆ మూడు సెకన్లు నిజంగా తమవే, ఎవరూ లాక్కోరు. అయితే ఆ వేళ తమరు కూడా ముందు నా ఫైలే తిరగేస్తారు, ఏమేం వదిలేశామో అందులోనే ఉంది కాబట్టి.

ప్రదర్శన అయ్యాక రాసే రిపోర్టులో ఎవరినీ తిట్టకూడదని మాకు నేర్పారు. 'ఫలానావారు బద్ధకించారు' అని రాయం, 'ప్రవేశం 20 సెకన్లు ఆలస్యం' అని రాస్తాం. ఆ నియమం పాటిస్తూనే తమరి గురించి ఒక ముక్క సిద్ధం చేసి ఉంచాను: "మొదటి అంకం 52 నిమిషాలు. సోఫా చేరలేదు. పాత్రధారులు నిలబడే మాట్లాడారు. కారణం: అప్పటికప్పుడు చూసుకున్నారు."

ఇక మీదట తమరి పేరు మా కాంటాక్ట్ షీట్‌లో ఉండదు. రావాలనిపిస్తే టికెట్టు కొనుక్కుని, తలుపులు మూయకముందే వచ్చి కూర్చోండి.

ఇట్లు
తమరి పొట్ట కొట్టడం ఇంకా నేర్చుకుంటున్న
ఒక స్టేజ్ మేనేజర్

తా.క. ఈ లేఖ అందినట్టు జవాబు రాయాలి. "ఆఁ ఆఁ" అని రాస్తే అందనట్టే లెక్క.