ఆ ఒక్క పౌండ్ కాదు అసలు తప్పు

2013లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) సువారెజ్‌ని కొనడానికి మా క్లబ్ ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్ల మీద ఒక్క పౌండ్ కలిపి ఆఫర్ ఇచ్చి నవ్వులపాలైందని ఒక వ్యాసంలో రాశారు. దాని కింద చాలామంది అభిమానులు కూడా అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. సువారెజ్ కాంట్రాక్టులో ఆఫర్ 4 కోట్లు దాటితే అతన్ని వదిలేయాలనే క్లాజ్ ఉందని ఆర్సెనల్ వాళ్లు నమ్మారు కాబట్టే ఆ ఒక్క పౌండ్. లివర్‌పూల్ ఓనర్ జాన్ హెన్రీ కూడా ఆ క్లాజ్ ఉందని, అయినా అమ్మకూడదనే నిర్ణయించుకున్నామని తర్వాత చెప్పాడు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించేది వేరే విషయం. సువారెజ్ రాడని తేలాక ఇంకో మంచి స్ట్రైకర్ని ఎందుకు తేలేదు? మిడ్‌ఫీల్డర్ ఓజిల్‌ని కొన్నారు, సంతోషమే, అంత అందంగా పాస్ ఇచ్చేవాళ్లు అరుదు. కానీ ఆ పాసుల్ని గోల్స్‌గా మార్చే భారమంతా ఒక్క స్ట్రైకర్ జిరూ మీదే పడింది. ఆ సీజన్ ప్రీమియర్ లీగ్‌లో అతను 16 గోల్స్ కొట్టాడు, పాపం అతన్ని తిట్టడం అన్యాయం. అటు సువారెజ్ 33 మ్యాచుల్లో 31 గోల్స్, అందులో ఒక్క పెనాల్టీ కూడా లేదు! లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మేం 5-1తో ఓడిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ సీజన్‌లో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) గెలిచాం, నిజమే. లీగ్‌లో మాత్రం నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం.