అరువు పుస్తకం వేరే కథ చెబుతుంది

డబ్బున్నవాళ్ల నీతి గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను. కాలిఫోర్నియా కార్ల అధ్యయనం ఒక్కటి పట్టుకుని "డబ్బు పెరిగితే నీతి తగ్గుతుంది" అని అందులో తేల్చేశారు. అక్కడి బర్కిలీ విశ్వవిద్యాలయంవాళ్ల 2012 నాటి ఆ అధ్యయనంలో బాగా ఖరీదైన కార్లవాళ్లు దాదాపు సగంమంది రోడ్డు దాటే మనిషి కోసం ఆగలేదు, నిజమే. కానీ నెదర్లాండ్స్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. లోపల డబ్బున్నట్టు బయటికి కనిపించే కవర్లను పొరపాటున వచ్చినట్టు వేరే ఇళ్లలో వేస్తే, పేదలకంటే ఉన్నవాళ్లే ఎక్కువగా తిరిగి పంపారు. అలాగని పేదలు దొంగలనుకునేరు! చేతిలో డబ్బాడని ఇబ్బందిని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా పెద్దగా మిగలదని ఆ పరిశోధకులే అన్నారు.

మాది చిన్న కిరాణా కొట్టు, 22 ఏళ్లుగా. తాపీమేస్త్రి పద్దు శనివారం కూలి రాగానే కొట్టేస్తాం. ఎప్పుడైనా 50 రూపాయలు తగ్గితే మర్నాడు తనే గుర్తుచేసి ఇస్తాడు. మేడ ఇంటివారి పద్దు మాత్రం మూడు నెలలైనా కదలదు. ఎగ్గొట్టాలని కాదండీ, ఇంతవరకూ ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. గుర్తుండదు, అంతే. గేటు దాకా వెళ్లి అడిగే ధైర్యం మాకు లేదు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. మొన్న దసరాకి 4 వేలు బాకీ ఉండగానే ఆ ఇంటాయన గుడికి 25 వేలు చందా రాయించారు. కొబ్బరికాయలు మళ్లీ మా కొట్లోనే, పద్దు మీద.