ఫుల్‌స్టాపు నుంచి ఫుల్‌స్టాపు దాకా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల హైస్కూలు పిల్లలకు ఒక మహావిద్య అబ్బింది. ఇంగ్లీషు పరీక్షలో పేరా చదవకుండానే పేరా కింద ప్రశ్నలకు జవాబు రాసే విద్య. కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, కావలి నుంచి కనిగిరి దాకా ఏ ట్యూషన్లో కూర్చున్నా ఇదే పాఠం. ముందు ప్రశ్న చూడు. అందులో పెద్ద మాట కింద గీత గియ్యి. అదే మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతుకు. దొరికిందా, దాని ముందు ఫుల్‌స్టాపు నుంచి తర్వాతి ఫుల్‌స్టాపు దాకా దించెయ్యి. అనుమానముంటే పై వాక్యం, కింది వాక్యం కూడా కలుపుకో. వల పెద్దదైతే చేప ఎక్కడికి పోతుంది?

దీని పేరు రీడింగ్ కాంప్రహెన్షన్. పదో తరగతి పరీక్షకు మూడుంబావు గంటలిచ్చి, అందులో పావుగంట అచ్చంగా ప్రశ్నపత్రం చదువుకోడానికే కేటాయించింది ప్రభుత్వం. పిల్లలు చదువుతారనుకుంది, పాపం.

ఈ విద్య ఎంత గట్టిదో తేల్చుకోవాలంటే ఈ పేరా ఇచ్చి చూడండి: 'వన్స్ ఎ ట్రోబీ లివ్డ్ నియర్ ది గమ్‌డిల్. హి వాజ్ వెరీ స్లిమ్మక్. వన్ డే హి బ్లోర్డ్ ఎ పింకర్, బట్ ది మఫ్రా జాక్డ్ ఇట్.' ఏ డిక్షనరీలోనూ దొరకని సరుకు. ఇప్పుడు ప్రశ్నలు. గమ్‌డిల్ దగ్గర ఎవరుండేవారు? ట్రోబీ. సెటింగ్, అంటే కథ జరిగిన చోటు, ఏమిటి? నియర్ ది గమ్‌డిల్. ట్రోబీ స్వభావం? వెరీ స్లిమ్మక్. కాన్‌ఫ్లిక్ట్, అంటే కథలో వచ్చిన చిక్కు? 'బట్' తర్వాత ఉన్నదంతా. కథలో నీతి? ఆనెస్టీ ఈజ్ ది బెస్ట్ పాలసీ. ఐదుకు ఐదు!

ట్రోబీ మనిషో, మేకో, స్టీలు సామానో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి "ట్రోబీ అంటే ఏంది సార్?" అని అడుగుతాడు. "నీకెందుకురా, టైమ్ అయిపోతాంది, రాయి" అంటారు సారు. ముందు బెంచీ అమ్మాయిది అసలైన సందేహం: "సార్, గమ్‌డిల్ ముందర 'ది' రాయాల్నా వద్దా?" వారం తిరక్కుండా గైడులో ట్రోబీ క్యారెక్టర్ స్కెచ్ వచ్చేస్తుంది. 'ట్రోబీ ఈజ్ ది మెయిన్ క్యారెక్టర్ ఇన్ దిస్ లెసన్. హి ఈజ్ స్లిమ్మక్. ఐ లైక్ ట్రోబీ వెరీ మచ్.' ఎండాకాలానికి నెల్లూరు వీఆర్సీ సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది, గమ్‌డిల్‌లో నూటికి నూరు సాధించిన మా ఆణిముత్యాలు అని.

కథలో పాత్రలు, సెటింగ్ లాంటి అంశాలకూ ఇలాంటి చిట్కాలే. క్యాపిటల్ లెటర్‌తో మొదలైనవి పాత్రలు (అందుకే 'సండే' కూడా ఒక్కోసారి పాత్రల జాబితాలోకి వస్తుంది). మొదటి వాక్యం సెటింగ్. చివరి నుంచి రెండో పేరా క్లైమాక్సు. కథ చెబుతున్న 'నేను' ఎవరంటే కథ రాసినాయన పేరు రాసేస్తారు. ఆపైన బోర్డు మీద త్రికోణం. 1863లో గుస్టావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల నాటకాల నడక చెప్పడానికి వాడిన బొమ్మ అది. ఇరవై లైన్ల కుందేలు కథకు కూడా దాన్నే తొడిగి, శిఖరం ఎక్కడో గుర్తించమంటాం.

పాఠ్యపుస్తకంలోని పేరానే తెచ్చి కాంప్రహెన్షన్ అనడం గురించి చెప్పేదేముంది. అది జ్ఞాపకశక్తి పరీక్ష. జవాబులు గైడు పుణ్యాన ముందే నోటికొచ్చి ఉంటాయి.

ఇప్పుడు ఒక మంచి కథ ఇచ్చారనుకోండి. నెల్లూరు రొట్టెల పండగ. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు తిరిగొచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. పోయినేడు స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టిన అమ్మాయి, కోరిక తీరిందని ఈ ఏడు రొట్టె ఇవ్వడానికొచ్చింది. ఆటోకు పక్కింటామె దగ్గర చేబదులు తీసుకుని మరీ వచ్చింది. నీళ్లలో నిలబడి, చెయ్యి చాచిన పిల్లను చూసి, ఇవ్వకుండా వెనక్కి తిరిగింది. మన ప్రశ్న: చెరువు పేరేమి?

అడగాల్సింది వేరు. ఎందుకు వెనక్కి తిరిగింది? ఏ వాక్యం పట్టి చెబుతున్నావు? ఈ కథను చెరువులోంచి ఆత్మకూరు బస్టాండుకు మారిస్తే ఏ ముక్క చెడిపోతుంది? సెటింగ్ కథకు ఏం పని చేస్తోందో చూసే ప్రశ్న అది. ఊరిపేరు ఎత్తిరాసే ప్రశ్న కాదు.

పోనీ, అడిగారే అనుకోండి. 'షీ గాట్ జాబ్ బట్ నో శాలరీ. షీ టేక్ ఆటో మనీ ఫ్రమ్ నైబర్' అని రాశాడు ఒక పిల్లాడు. పేరాలో ఎక్కడా లేని సంగతి, పేరా నుంచే పట్టుకున్నాడు! దిద్దేవాళ్లకిచ్చిన జవాబుల కీలో మాత్రం 'షీ వాజ్ సెల్ఫిష్' అని ఉంది. సున్నా. 'టేక్' తప్పని దాని చుట్టూ ఎర్రసిరా సున్నా ఇంకొకటి. అయ్యా, గ్రామరుకు వేరే సెక్షన్ ఉంది కదా, రాతకు వేరే సెక్షన్ ఉంది కదా, మీ కోతలన్నీ అక్కడ కోసుకోండి! ఆ తరగతి మొత్తంలో కథ అర్థమైనవాడు వాడొక్కడు. వాణ్ణి తప్పన్నారు. వాడు వచ్చే పరీక్షలో బుద్ధిగా ఫుల్‌స్టాపులు వెతుక్కుంటాడు, మనం వాడు బాగుపడ్డాడంటాం. ఏడాది తిరిగేసరికి ఇంటర్‌లో ఇంగ్లీషు ఫిజిక్సు పుస్తకం ముందు పెడతాం. అక్కడ ఏ వాక్యం దించాలో చెప్పేవాడుండడు.

బాగుచెయ్యడం అంత కష్టమేమీ కాదు. పేపరు అచ్చుకు పోకముందు, పేరా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రం నలుగురు పిల్లలకివ్వండి. పేరా లేకుండానే జవాబొచ్చిన ప్రశ్నను కొట్టెయ్యండి. నామవాచకాలు తీసి ట్రోబీలు, పింకర్లు పెట్టి చూడండి, అప్పుడూ జవాబొస్తే దాన్నీ కొట్టెయ్యండి. నాలుగు ఆప్షన్లలో సరైనదొక్కటే బారెడు పొడుగుంటే కత్తిరించండి. ఇద్దరు టీచర్లు విడివిడిగా కీ రాయాలి. ఇద్దరికీ కుదరకపోతే తప్పు ప్రశ్నదా, కీదా అని అప్పుడే తేల్చుకోవాలి. రెండు మార్కుల్లో ఒకటి జవాబుకు, ఒకటి ఆధారానికి.

ఇలాగైతే స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు తెమలవంటారు. తెమలవు మరి. పిల్లాడు రాసింది చదవాల్సి వస్తుంది.