రెండు సున్నాలు కలిస్తే రూ.97,500

తెలుగు సాహిత్య చరిత్ర రాసినవాళ్లు శతకాన్ని వదల్లేదు, దండకాన్ని వదల్లేదు, ఆఖరికి చాటువునూ వదల్లేదు. పన్ను తగ్గించుకోవడానికి ఆఫీసుకిచ్చే పెట్టుబడుల ప్రకటన పత్రాన్ని మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి వారంలోనే, ఇంకా కుర్చీ ఎత్తయినా సరిచేసుకోకముందే, రాసి తీరవలసిన రచన ఇది. ఈ ఏడాది ఎంత పొదుపు చేయబోతున్నామో, ఎంత అద్దె కట్టబోతున్నామో, అమ్మానాన్నల ఆరోగ్య బీమాకు ఎంత వెచ్చించబోతున్నామో అందులో వర్ణించాలి. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న నిబంధనల్లో దీని పేరు ఫారం 12బిబి. ఏప్రిల్‌లో రాసింది ఏప్రిల్‌లో చెల్లుతుంది. జనవరిలో ఆఫీసువాళ్లు రుజువులు అడుగుతారు. అవి లేనివారి ఫిబ్రవరి, మార్చి జీతాలు చిక్కి సగమవుతాయి.

నేను ఈ ప్రక్రియలో మూడు దశాబ్దాలు కృషి చేసినవాడిని. మా తరం ఆదాయపు పన్ను చట్టం 88వ సెక్షన్ నీడలో పెరిగింది. అప్పట్లో బీమాకు, పీఎఫ్‌కు కట్టినదానిలో కొంత శాతాన్ని నేరుగా పన్నులోంచే కొట్టేసేవారు. 2005 బడ్జెట్ దాన్ని సాగనంపి 80సి ని తెచ్చింది. అప్పటినుంచి కట్టిన సొమ్ము ఆదాయంలోంచి తగ్గుతోంది. ఈ రెండింటికీ తేడా తెలియనివారే దేశంలో ఎక్కువమంది. మినహాయింపు అంటే తూకం వేయకముందే గుప్పెడు పప్పు తీసి పక్కన పెట్టడం. రిబేటు అంటే బిల్లు వేశాక కొట్టు యజమాని కొంత కొట్టేయడం. ముప్ఫై శాతం పన్ను కట్టేవాడికి లక్ష మినహాయింపు వల్ల మిగిలేది ముప్ఫై వేలు, పైన సెస్సు చిల్లర. లక్ష బీమా కట్టి లక్ష పన్ను ఆదా చేశానని పెళ్లిచూపుల్లో చెప్పిన కుర్రవాడిని నేనెరుగుదును. సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి బ్యాంకు ఉద్యోగి.

ఇక అద్దె రసీదు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలన్నది నియమం. దాంతో ఈ దేశంలో లెక్కలేనన్ని ఇళ్ల అద్దె సరిగ్గా నెలకు 8,333 రూపాయల దగ్గర స్థిరపడింది. పన్నెండుతో గుణించి చూడండి, 99,996 వస్తుంది. ఒకే పడకగది ఉన్నా, మూడున్నా, అమీర్‌పేటయినా, అనకాపల్లయినా అద్దె అంతే. ధరల నియంత్రణలో ఏ ప్రభుత్వమూ సాధించలేనిదాన్ని రూపాయి రెవెన్యూ స్టాంపు సాధించింది. అన్నట్టు, 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో అద్దె భత్యానికి మహానగరాలు నాలుగే: ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై. అక్కడివారికి జీతంలో సగం దాకా మినహాయింపు, మిగతావారికి నలభై శాతం. నేను రసీదులు రాసినంత కాలమూ హైదరాబాద్‌ది నలభై శాతం జాబితానే. హైటెక్ సిటీ అద్దాల మేడలో ఇరవయ్యో అంతస్తున కూర్చున్నవాడూ పన్ను లెక్కలో పల్లెటూరి బడిపంతులు సరసనే ఉండేవాడు. సమానత్వం అంటే అది!

ఇంతటి కళ మా కళ్లెదుటే అస్తమిస్తోంది. 2020లో కొత్త పన్ను విధానం వచ్చినప్పుడు మేమెవరమూ ఖాతరు చేయలేదు. మినహాయింపులు లేని పన్ను, ఉప్పు లేని పప్పు అనుకున్నాం. 2023లో దాన్నే డిఫాల్ట్ చేశారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఇక్కడ పూర్తి అంగీకారమే. ఏదీ ఎంచుకోకపోతే కొత్తదే వర్తిస్తుంది. 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్ను సున్నా. జీతగాళ్లకు రుజువులు అడక్కుండా ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12.75 లక్షల దాకా సున్నా. అద్దె రసీదు అక్కర్లేదు, ట్యూషన్ ఫీజు కాగితం అక్కర్లేదు, మార్చి 31న బీమా ఏజెంటు బాబాయి వచ్చి కాఫీ తాగనక్కర్లేదు. 2014లో లక్షన్నరకు చేరి అక్కడే చతికిలబడ్డ 80సి, 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో 123వ సెక్షన్‌గా పేరు మార్చుకుంది. ముసలితనంలో పేరు మార్చుకున్నవాళ్లను ఎవరు గుర్తుపడతారు?

ఈ దుఃఖంలో నేనుండగా మా మేనల్లుడు ఫోను చేశాడు.

"మామయ్యా, పన్ను సున్నా అన్నారు కదా. రిటర్ను వేయబోతే 97,500 కట్టమంటోంది."

వాడు ఏప్రిల్ నుంచి ఆరు నెలలు ఒక కంపెనీలో నెలకు లక్ష తీసుకున్నాడు. అక్టోబరులో మరో కంపెనీలో చేరి మిగతా ఆరు నెలలూ నెలకు లక్షన్నర తీసుకున్నాడు. మొదటి కంపెనీ వీడు ఏడాదంతా ఉంటాడని నమ్మి పన్నెండు లక్షలకు లెక్కగట్టి, 75 వేలు తీసేసి, పన్ను సున్నా అంది. రెండోది తానిచ్చే తొమ్మిది లక్షలకే లెక్కగట్టి, తనవంతుగా మరో 75 వేలు తీసేసి, సున్నా అంది. ఇద్దరు పురోహితులు వేరువేరుగా దీవించారన్నమాట. ప్రభుత్వం రెండు జాతకాలనూ పక్కపక్కన పెట్టింది. మొత్తం పదిహేను లక్షలు, డిడక్షన్ ఒక్కసారే, మిగిలింది 14.25 లక్షలు. 12 లక్షలు దాటింది కాబట్టి రిబేటు లేదు. ఆదాయపు మెట్ల (శ్లాబుల) ప్రకారం పన్ను 93,750, దానిపై నాలుగు శాతం సెస్సు 3,750. ముందుగా కట్టనందుకు నెలకు ఒక శాతం వడ్డీ అదనం.

"చేరినప్పుడు ఫారం 12బి ఇవ్వలేదా?" అన్నాను.

"12బిబి ఇచ్చాను కదా."

అదీ సంగతి. రెండింటికీ ఒక్క 'బి' తేడా. 12బిబి లో కట్టబోయేది రాసేవాళ్లం. 12బి లో పాత కంపెనీ ఇచ్చిన జీతం, కోసిన పన్ను ఉన్నదున్నట్టు రాసేవాళ్లం. మొదటి దానికి గురువులున్నారు, శిష్యులున్నారు, భోజన విరామాల్లో గోష్ఠులున్నాయి. రెండోది ఇచ్చి తీరాలని చట్టం ఉద్యోగిని పట్టుబట్టదు, కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. వాడు అక్టోబరులోనే ఇచ్చి ఉంటే కొత్త కంపెనీ నెలకు 16,250 చొప్పున కోసేది. అప్పుడు నన్ను కాక వాళ్లను తిట్టుకునేవాడు.

"పోనీ, జీతం పెరగకపోయినా బాగుండేది" అన్నాడు.

మొదటిసారి వాడి మాటలో జ్ఞానం ధ్వనించింది. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం సరిగ్గా 12 లక్షలున్నవాడికి మరో పదివేలు పెరిగితే, మార్జినల్ రిలీఫ్ అనే దయ వల్ల పన్ను పదివేలకే పరిమితమవుతుంది. దానిపై సెస్సు నాలుగు వందలు. పదివేలు పెంచినందుకు 10,400 కట్టాలి. పై అధికారి భుజం తట్టి పెంచిన జీతానికి నాలుగు వందలు చేతినుంచి పడతాయి. ఇలాంటివారికి అభినందన సభ పెట్టి చందాలు వసూలు చేయాలని నా ప్రతిపాదన.

సాయంత్రం బావగారే ఫోను చేశారు. గొంతులో ధీమా.

"పాత విధానంలోకి మారిపొమ్మన్నాను. రిటర్ను గడువులోపు మారవచ్చటగా? అద్దె నేను చూసుకుంటాను."

ఆయన ఇల్లు తణుకులో ఉంది. కొడుకు ఉండేది కొండాపూర్‌లో. ఉండని ఇంటి అద్దెకు మినహాయింపు రాదని గుర్తుచేయబోయి, ముందు అంకెలే చెబుదామనుకున్నాను. పదిహేను లక్షల్లోంచి పాత విధానపు స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సి లక్షన్నర, ఆయన అద్దె 99,996 అన్నీ తీసేసినా సెస్సుతో కలిపి పన్ను లక్షా ఎనభై వేల చుట్టూనే తిరుగుతోంది. అంటే ఆయన సాయం తీసుకుంటే కొడుకు మరో ఎనభై వేలకు పైగా కట్టాలి.

అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"పన్నెండింటికీ స్టాంపులు అతికించేశాను. సంతకాలు కూడా అయిపోయాయి" అన్నారు బావగారు.